ఫినాయిలమ్మ, వెనక సందు బల్బు

ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. హాస్టల్లో అందరికీ ఆవిడ ఫినాయిలమ్మే. అదీ చాటుగానే; ఎదురుపడితే "పెద్దమ్మా" అంటూ చేతులు వెనక్కి దాచుకునేవాళ్ళు, గోళ్ళు చూస్తుందేమోనని. వంటశాలలో ఊడ్చేవాళ్ళకూ కడిగేవాళ్ళకూ అంట్లు తోమేవాళ్ళకూ ఆవిడే పెద్ద. క్రిములంటే ఆవిడకు తీరని పగ. కంటికి కనిపించే శత్రువుతో ఇన్నేళ్ళు పోరాడి ఉంటే ఎవరో ఒకరు పిలిచి పతకం ఇచ్చేవారు. కనిపించని శత్రువు కావడంతో ఆవిడకు అరచేతులు పగలడం మాత్రమే మిగిలింది.

ఆ యుద్ధంలో మొట్టమొదటి ఖైదీ మొగుడు. ఆయన దర్జీ. కొట్టు కట్టేసి వచ్చాక గుమ్మం దగ్గరే చేతులు, కాళ్ళు, కత్తెర, కొలతల టేపు కడుక్కుని లోపలికి రావాలి.

"టేపు నానితే సాగుతుందే! రేపు ఊళ్ళో అందరి నడుములూ సన్నబడతాయి."

"పడనీ. సంతోషిస్తారు."

అలాంటి ఆవిడకు ఏరికోరి క్రిముల్ని పెంచే పని అప్పజెప్పారు.

వంటశాల వెనక ఒక సందు ఉంది. పనివాళ్ళందరూ సాయంత్రం ఆ సందులోంచే ఇళ్ళకు పోవాలి. ముందు గేటు మర్యాదస్తులకు. సందు నిండా జిడ్డు, పొద్దుగూకితే కటిక చీకటి. అక్కడే జారిపడి ఫినాయిలమ్మ మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన దగ్గర్నుంచీ, ఒక్క బల్బు పెట్టించండి సార్ అంటూ మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన అడిగిన ప్రతిసారీ పాపం ఎంతో నొచ్చుకునేవాడు. "అటు లైను లేదమ్మా. లాగాలంటే పైనుంచి అనుమతి రావాలి" అనేవాడు. పైన అన్నప్పుడల్లా తలెత్తి ఫ్యానువైపు చూసేవాడు. ఫ్యాను ఏనాడూ అనుమతి ఇవ్వలేదు.

అంతలో ఒక కుర్ర ఇంజనీరు దిగాడు. సందులో గోడ పక్కన సిమెంటు తొట్టి కట్టించి, దాంట్లోకి నల్లటి పలకలు దించి, అంట్లు తోమిన నీళ్ళు అటు మళ్ళించాడు.

"ఇందులో బాక్టీరియా పెరుగుతుంది పెద్దమ్మా. ఎంగిలి తిని నీళ్ళు శుభ్రం చేస్తుంది. తింటూ తింటూనే కాస్త కరెంటు పుట్టిస్తుంది. అది ఈ పలకల మీదుగా బ్యాటరీలోకి పోతుంది."

"బాక్టీరియా అంటే?"

"అంటే... క్రిములే."

"నా వంటింటి వెనక!"

"వాటి తిండీతిప్పలు మీరే చూడాలి మరి. వేరేవాళ్ళయితే పట్టించుకోరట, మేనేజరుగారు చెప్పారు."

ఆవిడ ఒంటికాలిమీద లేచింది. ఇంజనీరు బతిమాలాడు. కొన్ని వారాలపాటు తొట్టి కంపు కొట్టడం తప్ప ఏమీ చేయలేదు. తర్వాత ఒక సాయంత్రం దానిమీద చిన్న బల్బు వెలిగింది. గొప్ప వెలుగేమీ కాదు, కాలు ఎక్కడ వేస్తున్నామో తెలిసేంత. అంట్లు తోమే ఆడవాళ్ళు ఆ సాయంత్రం ఒకరి భుజం ఒకరు పట్టుకోకుండా, కబుర్లు చెప్పుకుంటూ నడిచారు. ఫినాయిలమ్మ నోరు మూసుకుంది. ఆడవాళ్ళ కాళ్ళ కోసం రాని వెలుగు సైన్సు కోసం వచ్చింది. ఎలా వస్తేనేం, వచ్చింది కదా అనుకుంది.

అప్పట్నుంచి మనసు చంపుకుని రోజూ తొట్టికి ఎంగిలి నీళ్ళు పట్టేది. "తినండి, తినండి. ఇప్పుడే లోపల మీ చుట్టాలందర్నీ చంపి వస్తున్నా" అని వాటికి చెప్పేది.

"నన్ను ఒక్కరోజైనా ఇలా కొసరి కొసరి తినమన్నావా?" అన్నాడు దర్జీ, ఇంట్లో ఆవిడ ఈ సంగతి చెబితే.

ఈలోగా పైనున్న పెద్దాయన తొట్టి చూడటానికి స్వయంగా వస్తున్నాడన్న కబురు వచ్చింది. మేనేజరు కాళ్ళు నేలమీద ఆనలేదు. గోడలకు రంగు వేయించాడు, సందులో జిడ్డు గీకించాడు. "వాసన మాత్రం రాకూడదు పెద్దమ్మా. ఆయన ముక్కు మూసుకున్నాడంటే మన పని అయిపోయినట్టే" అన్నాడు.

వాసనకు ఆవిడకు తెలిసిన మందు ఒక్కటే. ముందురోజు పొద్దున్నే తొట్టి మూత తీసింది. చేయి అలవాటుగా డబ్బా మీదికి పోయింది. డబ్బా మొత్తం ఒంపింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చాలా రోజుల తర్వాత ఆవిడ గుండెలనిండా గాలి పీల్చుకుంది.

సాయంత్రం బల్బు ఒకసారి మినుకుమని ఆరిపోయింది.

ఇంజనీరు పరుగున వచ్చి మూత ఎత్తాడు, వాసన చూశాడు, గుడ్లు తేలేశాడు.

"ఏం పోశారు పెద్దమ్మా?"

"ఫినాయిలు."

"ఎంత?"

"వచ్చేది పెద్దమనిషి కదా బాబూ... డబ్బా అంతా."

పని ముగించుకున్న ఆడవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని గోడ తడుముకుంటూ వచ్చారు. "మళ్ళీ చీకటేనా పెద్దమ్మా?" అంది ఒకావిడ. తిట్టినా బాగుండేది. ఫినాయిలమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది. బతుకంతా మంచిదనుకుని చేసిన పనే తనవాళ్ళ కాళ్ళకింద వెలుగు తీసేసిందే అని కుమిలిపోయింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను వంటశాలలోంచి తీగ లాగి, గోడ దాటించి, తొట్టి వెనకనుంచి బల్బుకు కలిపాడు. పొయ్యిమీద టీ మరిగేలోపు పని అయిపోయింది. ఎవరూ ఫ్యానువైపు చూడలేదు.

పెద్దాయన వచ్చాడు. బల్బు ఎన్నడూ లేనంత ధగధగా వెలుగుతోంది.

"ఆహా! ఇంత చిన్న ప్రాణులు, ఎంత వెలుగు! సెలవు అడగవు, జీతం పెంచమనవు. వీటిని చూసి మనం ఎంతో నేర్చుకోవాలి" అన్నాడు, చీపుళ్ళు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళవైపు తిరిగి. తర్వాత ముక్కు ఎగబీల్చాడు. "వాసన కూడా హాయిగా ఉందే!"

"మన బాక్టీరియా చాలా శుభ్రంగా ఉంటుంది సార్" అన్నాడు మేనేజరు.

ఇంజనీరు తన చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాడు.

పెద్దాయన్ని తన గదిలో టీకి కూర్చోబెట్టి మేనేజరు మళ్ళీ సందులోకి వచ్చాడు. ఎలక్ట్రీషియన్ అప్పటికే నిచ్చెన ఎక్కాడు.

"తీగ ఎందుకు సార్ తీయిస్తున్నారు?" అంది ఫినాయిలమ్మ.

"ఇటు లైనుకి అనుమతి లేదని నీకు తెలుసు కదమ్మా."

"మరి పొద్దున?"

"అది పెద్దాయన కోసం."

రాత్రంతా కడుపులో పెట్టుకున్న సిగ్గు ఒక్కసారిగా కోపమైంది. ఆవిడ వంగి మూలనున్న ఖాళీ డబ్బా చేతికి తీసుకుంది.

"అయితే నేను వెళ్ళి ఆయన కాళ్ళమీద పడతాను సార్. తప్పు చేశాను కదా, చెప్పుకోవాలి. మీరు మెచ్చుకున్న ప్రాణులన్నిటినీ నిన్ననే చంపేశాను బాబూ, మీరు చూసింది శవాల్ని, మీకు హాయిగా తగిలింది నా ఫినాయిలు, అంటాను. టీ తాగేలోపు వచ్చేస్తాను."

మేనేజరు అలవాటుగా తలెత్తాడు. సందులో ఫ్యాను లేదు, ఆకాశం ఉంది.

"దిగవయ్యా" అన్నాడు ఎలక్ట్రీషియన్‌తో.

ఇంజనీరు తొట్టి కడిగించి, కొత్త క్రిముల కోసం మురుగుకాలవ అడుగు బురద తెచ్చి పోశాడు. ఫినాయిలమ్మ బాలింతకు పెట్టినట్టు వేళకు తిండి పెట్టింది. కొన్నాళ్ళకు క్రిములు మళ్ళీ పుంజుకున్నాయి. తీగ బల్బు పక్కన వాటికంటూ ఒక బుల్లి బల్బు వెలిగింది.

అది చూసి మేనేజరు మెల్లగా కదిపాడు. "క్రిములు బాగానే తింటున్నాయి కదా పెద్దమ్మా. ఇంక ఆ తీగతో పనేముంది?"

ఫినాయిలమ్మ తొట్టి పక్కన కూర్చుని, చంకలోని కొత్త ఫినాయిలు డబ్బా ముందు పెట్టుకుని, నెమ్మదిగా మూత తిప్పసాగింది.

సందులో ఇప్పటికీ రెండు బల్బులూ వెలుగుతున్నాయి.