తీగ లాగిన ఆంగ్లేయుడు

కంప్యూటర్లకు వైటూకే గండం గడిచిన మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లో మావారి ఆఫీసులో కాంట్రాక్టు వాళ్ళను ఒక్కొక్కరినే పంపించేస్తున్నారు. ఈయన ఉద్యోగం నిలబడితే రథసప్తమినాడు కేరమ్ డౌన్స్ గుడిలో సూర్యుడికి వీణ వినిపిస్తానని మొక్కుకున్నాను. నిలబడింది, స్వామి దయ.

ఆ వీణ మా అమ్మది. నేను బడికి వెళ్ళలేదు; చదువూ సంగీతమూ ఇంట్లో అమ్మే నేర్పింది. వీణను దేవుడి మూల, ఈశాన్యంలో పెట్టాలన్నదీ ఆవిడ నేర్పిందే. మా అద్దె ఇంటి ఈశాన్యాన పెద్ద గాజు కిటికీ ఉంది; వీణ అక్కడే పెట్టాను. మనవైపు ఉత్తరం చల్లన. ఇక్కడ సూర్యుడు ఉత్తరం మీదుగానే తిరుగుతాడని తెలిసీ తట్టలేదు. పండగ వారంలో ఉందనగా నలభై డిగ్రీల ఎండ కాసింది. సాయంత్రం గుడ్డ తీసి చూస్తే, మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి, పైస్థాయి మెట్లన్నీ ఒరిగిపోయాయి.

"వినిపిస్తానన్నావుగా, ఆగలేక ఆయనే వచ్చేశాడోయ్," అన్నారు ఈయన. నా మొహం చూసి, "పోనీ, నోటితో పాడేయ్," అన్నారు.

"మొక్కింది వీణండీ."

మెట్లు మళ్ళీ నిలబెట్టే మనిషి ఆ ఊళ్ళో నాకు తెలిసి ఎవరూ లేరు.

ఆ శనివారమే ఈయన హాస్టల్ రోజుల నుంచీ కొలిచే గిటారు విద్వాంసుడి కచేరీ. "నువ్వూ రా. ఇంట్లో ఉంటే దాన్ని చూసి ఏడుస్తావు," అని కారెక్కించారు. దారి పొడుగునా ఆయన చరిత్ర, హరికథలాగా.

ఇంగ్లండులో చిన్న ఊరు. గురువు లేడు. అమెరికాలోని నల్లజాతి పెద్దలు పాడిన బ్లూస్ రికార్డులు తెచ్చుకుని, ముల్లు వెనక్కి పెట్టుకుంటూ పెట్టుకుంటూ, గదిలో ఒక్కడే నేర్చుకున్నాడట. పాతికేళ్ళు నిండకుండానే పేరు మోగిపోయింది. మోగుతున్న బృందాన్ని, తాను ప్రేమించిన పాట ఇందులో లేదని వదిలేశాడట. మరో బృందం కట్టి దాన్నీ వదిలాడు. ఆపైన తాగుడు, ఏళ్ళ తరబడి గిటారు ముట్టలేదు. అందరూ మరిచిపోయాక, తాగుడు మానేసి, నెరిసిన తలతో తిరిగొచ్చాడు.

"ఆయన తర్వాత వచ్చిన గిటారు వాళ్ళందరూ ఆయన దగ్గర దొంగిలించినవాళ్ళేనోయ్."

"మరి ఆయనో?"

"ఆ ముసలాళ్ళ దగ్గర. ఒప్పుకుంటాడు కూడా. వాళ్ళని తలుచుకోకుండా కచేరీ మొదలెట్టడు."

ఆ మాటతో ఆయన మీద గౌరవం కలిగింది.

ఇంకా పొద్దుండగానే పార్కులో మొదలైంది. ఆ హోరుకు చెవుల్లో దూది పెట్టుకున్నాను. కాసేపటికి నెమ్మదైన పాట ఒకటి ఎత్తుకున్నాడు. పెద్ద తెర మీద ఆయన ఎడమచెయ్యి కనిపిస్తోంది. చెయ్యి జరగడం లేదు. ఒకే మెట్టు మీద వేలుంచి తీగను పక్కకు లాగుతున్నాడు. స్వరం పైకి పాకి, అక్కడ వణికి, ఇంకా పైకి పోయి, ఏడుస్తూ దిగింది. దూది తీసేశాను. "మెట్ల వెంట పరిగెత్తకే, లాగు. స్వరం తీగలో ఉంటుంది," అని అమ్మ నా వేలు పట్టుకుని చెప్పిన మాట! అమ్మ పేరైనా వినని ఆ మనిషి వేలికి ఈ సంగతి ఎవరు చెప్పారు? తెలియకుండానే చేతులు జోడించాను.

"ఇది గుడి అనుకున్నావా ఏమిటి?" అన్నారు ఈయన.

"ఇంటికెళ్ళాక ఆ ఒరిగిన మెట్లు తీసేద్దామండీ," అన్నాను.

తీసేశాం. కింది మెట్లు గట్టిగానే ఉన్నాయి. పై స్వరాలన్నీ వాటి మీద నుంచే లాగుతూ, వేళ్ళు కోసుకుపోయేదాకా సాధన చేశాను.

రథసప్తమినాడు గుడిలో వీణ చూసి ఒక ఆంటీ, "దీనికి పళ్ళూడిపోయాయేమిటమ్మా?" అన్నారు.

"పాలపళ్ళేలెండి, మళ్ళీ వస్తాయి," అన్నారు మావారు.

కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. చరణంలో తారస్థాయి షడ్జం దగ్గర తీగ ఎంత లాగినా స్వరం వెంట్రుకవాసి తేడాతో అందలేదు. వదల్లేదు. అక్కడే పట్టి, వణికిస్తూ ఉండిపోయాను. హాల్లో మాటలు ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టి ఇంకొంచెం లాగాను. అందింది.

హారతి కళ్ళకద్దుకుంటూ అమ్మకు దణ్ణం పెట్టుకున్నాను. ఆ ఆంగ్లేయుడికీ, నేను ముఖమెరగని ఆయన గురువులకూ మరొకటి.