క్లచ్ మాస్టారి ఎడం కాలు

క్లచ్ మాస్టారంటే తెలియని గడప మా వీధిలో లేదు. ఇంటి ముందు గదిలో డ్రైవింగ్ స్కూలు, బయట రెండు డొక్కు కార్లు, నోటి నిండా తిట్లు. నేర్చుకునేవాళ్ళ పక్క సీటులో కూర్చుని ఒళ్ళో చెక్క స్కేలు పెట్టుకునేవాడు. క్లచ్ గబుక్కున వదిలారా, ఎడం మోకాలి మీద ఫట్‌మని పడేది. “కాలా అది, రోకలిబండా? మెల్లగా, బాబూ, మెల్లగా!” అని ఆయన అరిస్తే సందు చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది.

కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఒక కథ చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్యకు కారు నేర్పబోయాడట. నాలుగు దార్ల కూడలి నడిమధ్యలో ఆవిడ చేతిలో బండి ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు. ఈయనగారు దిగిపోయి, పేవ్‌మెంటు మీద నిలబడి, “క్లచ్ మెల్లగా వదలవే, మహారాణీ!” అంటూ చప్పట్లు కొట్టాడట. ఆవిడ బండి అక్కడే వదిలేసి ఏడుస్తూ ఇంటికి నడిచింది. “అప్పట్నుంచి మా ఆవిడ స్టీరింగ్ ఊసెత్తితే ఒట్టు!” అని కడుపు పట్టుకుని నవ్వేవాడు. లోపల టీ కాస్తూ వినీ వినీ ఆవిడకు ఆ కథ కంఠతా వచ్చేసింది.

అంతటి మనిషికి ఒకటే కోరిక. బతుకంతా పక్క సీటులో గడిచిపోయిందాయె, తనే నడుపుకునే బండి ఒకటి కావాలి. అదీ సాదా సీదా బండి కాదు. ఇంటి వెనక స్థలం అమ్మేసి, ఎవరో వాడిన ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే సీట్లు, నేలకు కరుచుకున్నట్టుంటుంది. దాన్ని ఎక్కడమంటే గోతిలోకి దిగడమే.

వీధంతా మూగింది. “గేరు రాడ్డేదీ మాస్టారూ?” అని ఒకడడిగాడు.

“చూడండ్రా, స్టీరింగ్ వెనక చెవుల్లా రెండు రెక్కలున్నాయే, అవే గేర్లు. కుడిది లాగితే పై గేరు, ఎడమది లాగితే కింది గేరు. క్లచ్ లేదు. బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ కుడి కాలే. ఎడం కాలికి సెలవు!”

ఆ ముక్క నోటికి తెలిసింది గానీ కాలికి తెలియలేదు. కుడి రెక్క లాగాడో లేదో, ఎడం కాలు పాత అలవాటుకొద్దీ లేచి, క్లచ్ అనుకుని వెడల్పాటి బ్రేకును నేలదాకా తొక్కేసింది. కారు పీక నొక్కినట్టు ఆగింది. బెల్టు పెట్టుకోలేదేమో, మాస్టారి ముక్కు వెళ్ళి స్టీరింగ్‌కు కొట్టుకుంది. అంతలో వెనక నుంచి ఒక గొంతు, “మెల్లగా, బాబూ, మెల్లగా!”

వారమంతా అదే తంతు. ముక్కుకు పట్టీ వేసుకుని రోజూ బయల్దేరడం, ఇంటి హద్దు దాటకుండానే ఆగడం. కాలు మడిచి కూర్చుందామంటే ఆ ఇరుకులో మడత పడదు. నేర్చుకునేవాళ్ళు ముందు చెవులు కొరుక్కున్నారు, తర్వాత మొహం మీదే అనేశారు. “ఆదివారం మేం వెనక వస్తాం. కూడలి దాకా నడిపి చూపించండి మాస్టారూ. లేదంటే అవతలి వీధి స్కూల్లో చేరిపోతాం.” మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ కాస్త దూరం వెళ్ళొస్తేనే తను మాస్టారు. వెళ్ళలేకపోతే, డొక్కు కార్లున్న ముసలాడు.

ఆదివారం పొద్దున్నే భార్యను కారు దగ్గరికి పిలిచాడు. “ఏమే, పాత చీర చింపి పట్రా. ఈ దరిద్రపు కాలిని సీటు కింది కడ్డీకి కట్టెయ్. ఎవరితోనూ అనకు.”

ఆవిడ గుడ్డ తెచ్చి, వంగి కట్టింది. “చాలా?”

“ఇంకా గట్టిగా. పీక్కున్నా రాకూడదు.”

“రాదు లెండి,” అని వెళ్ళి పక్క సీటులో కూర్చుంది.

“నువ్వెక్కడికి?”

“దారిలో ముడి జారితే బిగించేదెవరండీ?”

నిజమేననిపించింది మాస్టారికి.

అబ్బ, ఏం నడిపాడనుకున్నారు! కుడి రెక్క లాగితే కారు గర్జించి దూకింది. ఎడం రెక్క లాగితే గురగురమంటూ తగ్గింది. కాలు గుడ్డలో గింజుకుందే గానీ ఊడి రాలేదు. వెనక స్కూటర్ల మీద ఒకటే ఈలలు. మాస్టారు పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

కూడలి మధ్యకు రాగానే, “ఏవండీ, కడుపులో తిప్పుతోంది, కాస్త ఆపండి,” అంది ఆవిడ. ఆపాడు. ఆవిడ బటన్ నొక్కి ఇంజను ఆపేసి, తాళం తీసుకుని దిగి, పేవ్‌మెంటు ఎక్కి నిలబడింది.

“ఏమే! తాళం ఇలా తే!”

ఆవిడ చప్పట్లు కొట్టింది. “క్లచ్ మెల్లగా వదలండి, మహారాజా!”

వెనక హారన్లు మొదలయ్యాయి. ముడి అందుకుందామని వంగితే పొట్టకు స్టీరింగ్ అడ్డం పడింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగున వచ్చాడు. ఒకప్పుడు ఈయన స్కేలు దెబ్బలు తిన్నవాడే. “మాస్టారూ, మీరా! దిగండి.”

“దిగలేనురా.”

“ఏం, ఒంట్లో బాలేదా?”

“కాలు... కట్టేసుంది.”

“వినపడలేదు మాస్టారూ.”

“కాలు కట్టేసుందిరా!”

కానిస్టేబుల్ వంగి చూశాడు. చూసి ఊరుకున్నాడా? “ఇలా రండి, ఇలా రండి, చూద్దురుగాని!” అని కూడలిలో ఉన్నవాళ్ళందరినీ కేకేశాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే అద్దంలోంచి తొంగి చూశారు. ఆవిడ వాళ్ళను తప్పించుకుంటూ వచ్చి, కానిస్టేబుల్ చేతిలో తాళం పెట్టి, ఇంటిదారి పట్టింది. ఆ రోజు నడిచిన దారే. ఈసారి ఏడవలేదు.

ముడి ఎవరి తరమూ కాలేదు. చివరికి కత్తెరతో కోయాల్సి వచ్చింది. “ఇక పోనివ్వండి మాస్టారూ,” అన్నాడు కానిస్టేబుల్, తాళం చేతికిచ్చి, తన ఎడం మోకాలు రుద్దుకుంటూ. మాస్టారు చెమట తుడుచుకుని ఇంజను ఆన్ చేశాడు. “మెల్లగా, బాబూ, మెల్లగా!” అని కూడలంతా ముందే అందుకుంది. కుడి రెక్క లాగాడు. ఎడం కాలు లేస్తోంది. లేస్తోందని ఆయనకు తెలుస్తూనే ఉంది.