మొదటి బిందె నీళ్లు

2003 ఎండాకాలం. అప్పట్లో నేను అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య ఉన్న ఒక అర్బన్ హెల్త్ పోస్ట్‌లో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. ఏఎన్‌ఎం అంటే గర్భిణులను, బాలింతలను, పసిపిల్లలను ఇల్లిల్లూ తిరిగి చూసుకునే నర్సు. మాకు కూర్చునే పని తక్కువ, నడిచే పని ఎక్కువ. చెప్పులు అరగదీసే ఉద్యోగమని మా ఇంట్లో వెక్కిరించేవాళ్లు. వాళ్లన్నది అబద్ధమేమీ కాదు.

ఆ రోజుల్లో అమీర్‌పేట రోడ్డు మీద తలెత్తి చూస్తే కంప్యూటర్ కోర్సుల బోర్డులు తప్ప మరేమీ కనిపించేవి కావు. ఆ కోర్సులకు వచ్చే పిల్లల కోసం సందు సందునా హాస్టళ్లు లేచాయి. మా ఏరియాలో అలాంటి ఒక వరుస హాస్టళ్ల వెనక, దిగువన, ఒక బస్తీ ఉండేది. పేరు రాయను. హాస్టళ్లలో వంటలు చేసేదీ, అంట్లు తోమేదీ ఆ బస్తీ ఆడవాళ్లే. నీళ్లు రోజు విడిచి రోజు పొద్దున పూట వచ్చేవి. రెండు చోట్లకీ ఒకటే పైపు. ముందు హాస్టళ్లు, చివర బస్తీ.

ఆ బస్తీలోని స్వరూపకు అది మొదటి కాన్పు. ఏడో నెల. భర్త ఆటో నడిపేవాడు. అత్త బాలమణి ఒక ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేసేది. బస్తీలో ఎవరింట్లో కాన్పయినా, కొట్లాటయినా ముందు బాలమణిని పిలుస్తారు. కోడలి మీద ఆమెకు ఎంత మురిపెమంటే, నేను బీపీ చూస్తుంటే కూడా పక్కనే నిలబడి, "జర మెల్లగ పట్టు సిస్టర్, చెయ్యి నొస్తది" అని నన్నే గదమాయించేది.

ఒక రోజు వెళ్లేసరికి స్వరూప గోడకు చేరగిలబడి ఉంది.

"అన్నం ముద్ద దిగుతలేదు సిస్టర్. ఎండకు గిట్ల అయితుందేమో అనుకున్న."

కింది రెప్ప లాగి చూశాను. కళ్లు పచ్చగా ఉన్నాయి. కామెర్లు.

"ఎన్ని రోజులైంది అక్కా?" అని బాలమణిని అడిగాను.

"మొన్నటి సంది. పసిర్కలని నాకు సుత తెలుసు. పసరు తాగిపిచ్చిన, ఉప్పు, నూనె బంద్ జేసిన. ఫికర్ జెయ్యకు, తగ్గిపోతది."

"ఉత్త మనిషికైతే తగ్గుతుండె. గీమె కడుపుతో ఉంది. ఆటో బయటికి తియ్యమను" అన్నాను. నా గొంతు విని ఆమె కొడుకును కేకేసింది. ఆ పూటే స్వరూపను పెద్దాసుపత్రిలో చేర్పించాం.

అక్కడి డాక్టరమ్మ అది హెపటైటిస్ ఈ అంది. మలం కలిసిన నీళ్లు తాగితే వచ్చే కామెర్లు. మామూలు మనుషులకు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. నెలలు నిండుతున్న ఆడదానికి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. వినగానే నాకు మరో పిల్ల గుర్తొచ్చింది. స్వరూప వాళ్ల పక్కింటి కవిత. ఐదో నెల. అవే నీళ్లు తాగుతోంది. ఈ పిల్లకు మాత్రం రానివ్వకూడదని ఆసుపత్రి మెట్లు దిగుతూనే గట్టిగా అనుకున్నాను.

గట్టిగా అనుకోవడం తేలికే. మా హెల్త్ పోస్ట్ డాక్టరు గారు నీళ్లు కాచి చల్లార్చి తాగమని చెప్పమన్నారు. చెప్పాను. బస్తీ ఆడవాళ్లు నవ్వారు. "బువ్వ వండనీకే గాసునూనె లేదు. నీళ్లు కాగబెట్టనీకి నువ్వు తెచ్చిస్తవా సిస్టర్?" అన్నారు. నేనేం తెచ్చిస్తాను? నీళ్ల లైన్‌మన్ అంజయ్యను వెంటపడి తీసుకొచ్చాను. నీళ్లు వస్తుండగా గాజుగొట్టంలో పట్టి, చుక్కల మందు వేశాడు. దాన్ని ఓటీ టెస్ట్ అంటారు. నీళ్లలో క్లోరిన్ ఉంటే రంగు పసుపు తిరుగుతుంది. తిరిగింది.

"సూడు మేడమ్, నీళ్లు మంచిగనే ఉన్నయ్. ఇంకేడనన్న తాగిందేమో" అన్నాడు.

ఆ నెలలో స్వరూప గడప దాటలేదు. అందుకే నాకు మనసొప్పలేదు. మళ్లీ నీళ్లొచ్చే రోజు, నీళ్లు రాకముందే వెళ్లి బాలమణి నల్లా దగ్గర కూర్చున్నాను. బాలమణి కొడుకును ఆసుపత్రిలో కూర్చోబెట్టి, నీళ్ల కోసం ఇంటికొచ్చింది. అంజయ్యను కూడా లాక్కొచ్చాను. వాడు దారంతా సణుగుతూనే ఉన్నాడు.

ఆ బస్తీలో నల్లాలు నేల మీద ఉండవు. ప్రెషర్ లేక నీళ్లు పైకి ఎక్కవు కాబట్టి, మోకాలి లోతు గుంత తవ్వి, ట్యాప్ పీకేసి, పైపు మూతిని గుంతలోకి దించుకున్నారు. నీళ్లు రాని రోజు ఆ గుంతలోకి బట్టలుతికిన నీళ్లూ, మురుగుకాలువ పొంగితే ఆ మోరీ నీళ్లూ అన్నీ చేరతాయి. వచ్చే రోజు ఓ చెంబుతో తోడేసి బిందె పెడతారు.

బాలమణి అప్పటికే తలస్నానం చేసి తడి జుట్టుతో వచ్చింది. పసుపు రాసి బొట్లు పెట్టిన ఇత్తడి బిందె పట్టుకుంది. పైపు బుసలు కొట్టి నీళ్లు పడగానే ఆ బిందె మూతికి తెల్లగుడ్డ కట్టి పట్టింది. అందులోవి దేవుడికీ, తాగడానికీ. ఇంకా ఎవరూ ముట్టని నీళ్లు కదా. స్నానాలకూ గిన్నెలకూ తర్వాతి నీళ్లు. బస్తీ మొత్తం అదే పద్ధతి. ఎవరింటికి పోయినా తాగే నీళ్లు మొదటి బిందెవే.

కాసేపటికి ధార సన్నబడింది. పైన హాస్టళ్లలో మోటార్ల మోత మొదలైంది. ధార ఆగిపోయింది. పైపు మూతికి అరచేయి పెట్టి చూశాను. చర్మాన్ని లోపలికి పీల్చింది. గుంత అడుగున మిగిలిన మురికి నీళ్లు నా కళ్లముందే గుటకలు వేస్తూ పైపులోకి పోయాయి.

అంజయ్య సణుగుడు ఆపేశాడు. హాస్టళ్లవాళ్లు మోటార్లు నేరుగా సప్లై పైపుకే బిగించారు. అవి పైన లాగుతుంటే చివరి గుంతల్లోని మురికి పైపులోకి చేరి, అక్కడే నిలిచి, మరుసటి సప్లైలో మొదటి నీళ్లతో బయటికొస్తుంది. బాలమణి బిందెలోని నీళ్లు గొట్టంలో పోసి చుక్కలు వేశాడు. రంగు మారలేదు. మోటార్లు ఆగాక వచ్చిన నీళ్లను కాసేపు పారనిచ్చి, పట్టి వేశాడు. పసుపు తిరిగింది.

"నేనెప్పుడు నడిమిట్ల వచ్చి సూస్తుంటి మేడమ్" అన్నాడు.

నేను బాలమణిని మామూలుగా అడిగినట్టే అడిగాను. "దేవుని కాడ పెట్టిన నీళ్లు ఏం జేస్తవ్ అక్కా?"

"తులసాకు ఏసి స్వరూపకు తీర్థమిస్త. పొద్దుగాల పరగడుపున. కడుపుల బిడ్డ సల్లగుండాలె గద."

 స్వరూప ఇంకా వార్డులోనే ఉంది. అప్పుడేమీ అనలేకపోయాను. ఈసారి మొదటి నీళ్లు పారబోయమని మాత్రం అందరికీ చెప్పాను. దేవుడి నీళ్లు పారబోయడమేమిటని ఎవరూ వినలేదు.

ఆ వారంలోనే స్వరూపకు నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. స్వరూపను డాక్టర్లు ఎలాగో బతికించారు. వార్డు బయట బాలమణి గోడకు తలకొట్టుకుని ఏడుస్తుంటే పట్టుకోవడానికి నా బలం చాలలేదు. నేనూ ఏడ్చాను. సర్వీసులో ఎన్ని చూసినా అది అలవాటయ్యేది కాదు.

తీర్థం సంగతి చెప్పాలా వద్దా అని మా డాక్టరు గారిని అడిగాను. "ఎందుకమ్మా, ఆవిడ బాధ చాలదా?" అన్నారు. నాకూ ఆ మాటే బాగుందనిపించింది. బస్తీకి వెళ్లేవరకూ.

వెళ్లేసరికి బాలమణి కవిత వాళ్ల గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చెంబు. అందులో తులసాకు.

"మా ఇంట్ల పొయింది. గీ పిల్లకన్న మంచిగ గావాలె" అంది నన్ను చూసి. కవిత అప్పటికే దోసిలి పట్టింది.

ఆ చెంబు మీద చెయ్యి అడ్డం పెట్టాను. బాలమణి కళ్లు ఎర్రబడ్డాయి. ఆమెను వాళ్ల ఇంట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశాను. మెత్తగా చెప్పే దారేదైనా ఉందేమోనని వెతికాను. లేదు.

"అక్కా, స్వరూపకు రోగం గీ నీళ్లతోనే వచ్చింది. మొదటి బిందెల మోరీ నీళ్లు కలుస్తున్నయ్. ఆ దినం అంజయ్య చేసిన పరీక్ష గదే."

ఆమె చెంబులోకి చూసింది.

"అంటే నా చేతులతోటే ఇచ్చిన్నా?"

"నీ చేతులతోటే ఇచ్చినవ్. కానీ అండ్ల మోరీ కలిపింది నీ చేతులు గావు. ఎవరు కలుపుతున్నరో నీకు తెల్వాలనే చెప్తున్న." అని మోటార్లు, గుంతలు, పైపు పీల్చడం, అన్నీ విడమరిచి చెప్పాను.

"దేవుని ముందల సుత మోరీ నీళ్లే పెట్టిన్నా ఇన్ని దినాలు" అంది. తర్వాత, "నువ్వు పో సిస్టర్" అంది. లేచి వచ్చేశాను. 

మళ్లీ నీళ్లొచ్చిన రోజు బాలమణి అదే బిందెతో వచ్చి, మొదటి నీళ్లు నిండా పట్టి, అందరూ చూస్తుండగా మోరీలో బోర్లించింది. "మా ఇంట్ల ఏమైందో సూసిండ్రు గద. గీ నీళ్లు తాగి ఏమన్న అయితే నన్ను అడగకుండ్రి" అంది. ఇంకేమీ వివరించలేదు. గల్లీలో బిందెలన్నీ ఒక్కొక్కటిగా వంగాయి. నేను పక్షం రోజులు గొంతు చించుకున్నా వంగని బిందెలవి.

కానీ అదొక్కటీ సరిపోదు. మోటార్లు ఆగాలి. అంతకుముందే నేను బాలమణి పనిచేసే హాస్టల్ ఓనరు రాజ్యలక్ష్మి గారి దగ్గరకు వెళ్లొచ్చాను. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. మర్యాదగా కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది.

"మా పిల్లలకి తాగడానికి డబ్బా నీళ్లే తెప్పిస్తామండీ. ఈ నీళ్లు ఒక్క స్నానాలకే" అంది. ఆ మాటలో ఆవిడకు తప్పేమీ కనిపించలేదు. "అయినా నేనొక్కదాన్నే మోటారు ఆపితే పక్క బిల్డింగ్ వాళ్లు లాగేసుకుంటారు. ఏం చేయమంటారు చెప్పండి?"

ఇప్పుడు బాలమణి నా వెంట వచ్చింది. మా వెనకే గల్లీ ఆడవాళ్లు. అందరూ ఆ వరుసలో ఏదో ఒక హాస్టల్‌లో పనిచేసేవాళ్లే.

"అమ్మా, మొదటి నీళ్లు మేము పారబోస్తున్నం. మంచి నీళ్లు మీ మోటర్లు బందైనంకనే మాకొస్తున్నయ్. గవి పట్టుకున్నంకనే పనికొస్తం" అంది.

"ఇదేంటి బాలమణీ, బెదిరిస్తున్నావా? ఏడింటికి క్లాసులకెళ్లే పిల్లలు, వాళ్లకి టిఫినెవరు పెడతారు?"

"బెదిరిచ్చుడేంది అమ్మా, ఉన్న మాట చెప్తున్న. మోటర్ ఆపితే జల్ది నిండుతయ్. జల్ది నిండితే జల్ది వస్తం."

నీళ్లొచ్చిన రోజల్లా ఆ వరుసలో ఏ హాస్టల్‌లోనూ పొద్దున్నే పొయ్యి వెలగలేదు. కోర్సుల పిల్లలు ఖాళీ కడుపులతో గొణుక్కుంటూ క్లాసులకు పోయారు. బాలమణి మాత్రం కచ్చితంగా బిందెలు నిండగానే పనిలోకి వెళ్లి, మాట రానివ్వకుండా వండిపెట్టేది. చివరికి రాజ్యలక్ష్మి గారే ఒక పొద్దున చీర కుచ్చెళ్లు పైకెత్తి పట్టుకుని బస్తీలోకి దిగి వచ్చింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని పైపు మూతి మీద పెట్టాను. ఉలిక్కిపడి లాక్కుంది.

"ఇది లాగేది మా మోటారేనా?"

"మీదీ, మిగతావాళ్లవీ" అన్నాడు అంజయ్య.

ఆవిడ బాలమణి వైపు తిరిగింది. "మీ కోడలికి వచ్చింది ఈ నీళ్లతోనేనా?"

"అవునమ్మా."

ఆవిడ మిగతా ఓనర్లను తానే కూర్చోబెట్టి మాట్లాడింది. ఒకాయన ఎగిరాడట. అయితే మీ వంటమనిషిని ఎక్కణ్నుంచి తెచ్చుకుంటారో చెప్పండి అని ఈవిడ అన్నదట. వానలు పడేలోగా ఒక్కో హాస్టల్‌ ముందూ నేలలో సంపు తవ్వించారు. పైపు నీళ్లు వాటంతటవే సంపులో పడాలి, మోటారు సంపులోంచే లాగాలి. అంజయ్య బస్తీలో నల్లాలను గుంతల్లోంచి పైకి లేపి, గుంతలు పూడిపించాడు. ఆ తర్వాత మొదటి నీళ్లకూ పసుపు తిరిగింది. కవితకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. నేనే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

తర్వాత ట్రైనింగ్‌కు వచ్చిన కొత్త ఏఎన్‌ఎంలకు నేను ఒకటే చెప్పేదాన్ని. కాచి తాగండి అని చెప్పి వచ్చేస్తే మన పని అయిపోయినట్టు కాదు. నీళ్లు వచ్చేటప్పుడు పైపు దగ్గర నిలబడండి. తెలిసిన నిజాన్ని, అది ఎంత చేదైనా, పూర్తిగా చెప్పండి. సగం చెబితే వాళ్లు తమనే తప్పుపట్టుకుని ఏడుస్తారు. పూర్తిగా చెబితే తప్పెక్కడుందో వాళ్లే వెళ్లి పట్టుకుంటారు.

ఈ సంగతి నాకు నేర్పింది బాలమణే. నాకు బదిలీ అయినప్పుడు హెల్త్ పోస్ట్‌కు వచ్చి, నా చెయ్యి పట్టుకుని అంది. "నువ్వు గా మాట చెప్పినంక మస్తు రోజులు నీ మొఖం సూడబుద్ధి గాలే సిస్టర్. చెప్పకపోయి ఉంటే కవిత మొఖం నేను జన్మల సూడలేకపోతుంటి."