సుభద్ర టీచర్ వినే చెవి

మొన్న కొత్త నేత చీర మడత విప్పితే గంజి వాసన గుప్పుమంది. చీర కట్టుకోవడం మరిచిపోయి, ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పెద్దపల్లిలో మా ఇల్లంతా ఆ వాసనే ఉండేది. అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. ఆ ఇంట్లో మా అవ్వ పక్కన కింద కూర్చుని, నా బదులు రాట్నం తిప్పిన సుభద్ర టీచర్ కళ్ల ముందు కదిలారు.

నిజాం పాలన పోయి, ఉర్దూ బడులు తెలుగులోకి మారుతున్న రోజులవి. టీచర్ తాను ఉర్దూలో చదువుకుని మాకు తెలుగులో చరిత్ర చెప్పేవారు. మాట దొరక్కపోతే సిగ్గుపడకుండా మమ్మల్నే అడిగేవారు: "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఎవరు మాట్లాడినా కుడి చెవి అటు తిప్పి, మాట పూర్తయ్యేదాకా కదలకుండా వినేవారు. అంత శ్రద్ధగా నా మాట విన్న పెద్దవాళ్లను అంతకుముందు నేను చూడలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా అక్క పెళ్లయింది. మగ్గంలో పెట్టే నూలు కండెలు రాట్నం మీద చుట్టే మనిషి లేక బాపు నన్ను బడి మాన్పించాడు. నాలుగో రోజు సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చారు. నేను తలుపు వెనక్కి పోయాను.

"చదువుకున్న తల్లి పిల్లలను మంచిగ పెంచుతది, రాజమల్లన్నా," అన్నారు.

"దీని అవ్వ ఏం సదివింది టీచరమ్మా? ఇద్దరు పిల్లలను పెంచలేదా?" అన్నాడు బాపు మగ్గం ఆపకుండానే.

 టీచర్ వెళ్లి అవ్వ పక్కన చతికిలబడ్డారు. "కండెలు నేను చుడత. పిల్ల గంట సేపు చదువుకుంటది. జర చూపెట్టు లక్ష్మవ్వా."

మొదటి రోజు పదిసార్లు నూలు తెంపారు. అవ్వ నవ్వాపుకుంటూ ముడి వేయడం నేర్పింది. ఆ పై వారమంతా బడి వదలగానే వచ్చేవారు. ఆమె చుడుతూ పాఠం చెబితే నేను రాసుకునేదాన్ని.

ఒకరోజు అమెరికా పాఠం వచ్చింది. "రాజును కాదని వాళ్లు కొత్త రాజ్యం పెట్టుకున్నరు. రేపు దేశాన్ని నడిపేది కొడుకులు, ఆ కొడుకులను పెంచేది తల్లులు, అందుకని ఆడపిల్లలకు చదువు చెప్పాలె అన్నరు. బడులు పెట్టిన్రు," అని చెప్పారు.

అవ్వ తల ఎత్తకుండా ఏదో గొణిగింది. టీచర్ కుడి చెవి తిప్పారు. "మల్ల చెప్పు లక్ష్మవ్వా, వినపడలే."

బాపు ముందు ఎన్నడూ గొంతు పెంచని మా అవ్వ గట్టిగా అనాల్సి వచ్చింది: "కొడుకుల కోసం సదువు సరే. మరి తన కోసం తనకు వద్దా?"

మగ్గం చప్పుడు ఆగిపోయింది. టీచర్ చేతిలోని పోగు అలాగే ఉండిపోయింది. "గిన్నేండ్ల సంది చెప్తున్న. గీ మాట నాకు తట్టలే," అన్నారు మెల్లగా.

 బాపు అవ్వ వైపు తిరిగి, "కండెలెట్ల మరి?" అన్నాడు.

"నేను పొద్దుగాల లేచి చుడత. పిల్ల పోతది," అంది అవ్వ.

నేను మళ్లీ బడికి వెళ్లిన రోజు టీచర్ తరగతిలో అదే పాఠం చెప్పారు. చివర్లో, "పుస్తకంల లేని ప్రశ్న ఒకటున్నది. అడిగింది నేను కాదు, లక్ష్మవ్వ," అన్నారు. ఇంటికి పరుగెత్తుకొచ్చి చెబితే అవ్వ నమ్మలేదు. "పేరు పెట్టి చెప్పిందా? అందరి ముంగట?" అని మూడుసార్లు అడిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత టీచర్‌కు ఖానాపూర్ బదిలీ అయింది. చాలా ఏళ్లకు నాకు టీచర్ ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి అక్కడికి వెళ్తే, "అవ్వ మంచిగున్నదా?" అన్నదే ఆమె మొదటి మాట. నా సంగతి ఆ తర్వాతే. అదే ఆఖరి చూపు.

నేనూ ఏళ్ల తరబడి చరిత్ర చెప్పాను. అమెరికా పాఠం వచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్న దగ్గర ఆగి, అడిగిందెవరో పేరు పెట్టి చెప్పేదాన్ని. తరగతిలో ఏ పిల్ల మంచి మాట అడిగినా మర్నాడు ఆ పిల్ల పేరుతోనే పాఠం మొదలుపెట్టేదాన్ని. తన పేరు విన్న పిల్ల ముఖంలో, కొంగు చాటున నవ్విన మా అవ్వ కనిపించేది.