చిరుగురెక్కను తరిమిన పూట

మాండలేకి ఎగువన, ఐరావతి ఒడ్డున మా రేవులో న్వే యీ తెడ్డు పట్టిందంటే పడవ నీళ్లమీద చప్పుడు చేయదు. పెళ్లై వచ్చిన ఏడే మామగారు ఆమె చేతికి తెడ్డిచ్చి, "అమ్మాయ్, చేపలు డాల్ఫిన్లవి. అవి చూపిస్తేనే మనం తీసుకునేది" అన్నాడట. అప్పటినుంచి పడవ వెనక ఆమె తెడ్డు, ముందు మొగుడు ఫో టౌక్ విసురువల.

ఆ ఉదయమూ ఫో టౌక్ డాల్ఫిన్లను పిలుస్తూ కొయ్యపుల్లతో పడవ అంచుమీద టకటక కొట్టాడు. దూరంగా నీళ్లు ఉబ్బాయి. వీపురెక్క చిరిగిన ఆడ డాల్ఫిన్, వీళ్ల చిరుగురెక్క; కొత్తకాపురం నాటినుంచీ వీళ్ల పిలుపుకు వచ్చేదే. పక్కన ఈ ఏటి పిల్ల.

"వచ్చిందే నా ఆడపడుచు!" అంది న్వే యీ. "ఇక కూరకి దిగుల్లేదు."

అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది. వంపు తిరిగి ఇంకో పడవ వస్తోంది. అందులో వల లేదు. బ్యాటరీలు, పొడుగాటి వెదురుగడలు, వాటి కొసన తీగలు. ఆ కరెంటు తీగ నీళ్లలో ముంచితే చేపలతోపాటు అడ్డొచ్చినదల్లా చచ్చి తేలుతుంది. కిందటి వానాకాలం చిరుగురెక్కకు జతైన మగది అలాగే తేలింది.

"ఒరేయ్ తమ్ముళ్లూ, ఆపండ్రా! తల్లీపిల్లా ఉన్నాయి!"

"నీ చుట్టాలైతే నువ్వే ఇంటికి తీసుకుపో అక్కా!" ఆ పడవ ఆగలేదు.

చిరుగురెక్క ఇటే వస్తోంది. పిలిచింది వీళ్లేగా మరి! వల ఇక్కడ వేయమని తోక ఎత్తి ఊపింది.

న్వే యీ తెడ్డుతో నీళ్లమీద ఫెడీమని కొట్టింది. అది పోలేదు సరికదా, ఇంకా దగ్గరకొచ్చి తల పైకెత్తింది.

"పిచ్చెక్కిందా ఏమే? ఒక్కసారి కొడితే ఇక జన్మలో రాదు!" ఫో టౌక్ తెడ్డు పట్టుకోబోయాడు.

"రాకపోతే పోయె! బతికుంటే చాలు. వదులయ్యా!"

రెండో దెబ్బ దాని వీపుమీదే పడింది. ఆ మెత్తదనం తెడ్డుగుండా ఆమె అరచేతుల్లోకి పాకింది. తల్లి మునిగింది, వెంటే పిల్ల.

వెదురుగడలు నీళ్లలోకి దిగాయి. తెల్లటి పొట్టలు తేలసాగాయి. న్వే యీ ఒక్కొక్కటే చూసింది. అన్నీ చేపలే. చాలాసేపటికి ఆవలిగట్టు దగ్గర పైకి తేలి ఊపిరి వదిలిన తల్లి బుస, ఆ వెనకే పిల్లది చిన్న బుస.

ఆ పడవ వెళ్లిపోయాక ఫో టౌక్ అలవాటుగా పుల్ల తీశాడు. ఆమె లాక్కుని నడుములో దోపుకుంది.

"ఆ తీగలు ఈ ఏట్లో తిరిగినన్నాళ్లూ పిలవద్దు."

"మరి కూరో?"

"గుడ్డిగా వెయ్యి వల. ఏది పడితే అదే."

వేశాడు. నాచూ, నాలుగు చిన్న పరిగెలూ వచ్చాయి. ఆమె వాటినే బుట్టలో వేసుకుని, ఆవలిగట్టుకేసి చూడకుండా తెడ్డు వేసింది.