దేవదానం బావ సర్వర్ నిన్న ఎందుకు ఆగిందంటే

నిన్న ఉదయం తొమ్మిదింటికి మన పేజీ ఓపెన్ కాలేదు.

పది నిమిషాలు ఆగి మళ్లీ నొక్కాను. ఊహూఁ.

ఒళ్లు మండి బావకి ఫోన్ చేశాను. అటువైపు ఎత్తారో లేదో, హలో కూడా అనకుండా అందుకున్నాను. "ఏటి బావా, మళ్లీ సర్వర్ ఆపీసినావేటి? బుద్దుందేటి నీకు?"

ఎత్తింది బావ కాదు. ఆయన భార్య, సువార్త అక్క.

"బావ పోనాడు తమ్ముడూ. తెల్లారగట్ల గుండెల్లో నొప్పన్నాడు. ఆసుపత్రి కాడికి ఎల్లేలోపే అయిపోనాది."

బావ కోసం నా నోట్లోంచి వచ్చిన ఆఖరి మాట ఆ తిట్టు. అది విన్నది అక్క. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈమధ్యే మన సైటులో చేరినవాళ్ల కోసం చెబుతున్నాను.

కాశీబుగ్గలో దేవదానం బావది చిన్న ఇంటర్నెట్ సెంటర్. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. గోడవైపు తిప్పిపెట్టిన ఐదో కంప్యూటర్ ముందు ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. మనం రోజూ కబుర్లాడుకునే ఈ సైటంతా ఆ ఐదో డబ్బాలోనే ఉంది. మన సర్వర్ అంటే అదే.

నాది టెక్కలిలో ఫొటో స్టూడియో. బావకి నేను చుట్టాన్ని కాను. ఆయనది బాప్టిస్టు సంఘం, మా ఇంట్లో వేరే దేవుళ్లు. ఫొటోలు మెయిల్ చేయించుకోవడానికి వెళ్తూ వెళ్తూ బావా అనడం అలవాటైపోయింది.

నన్ను ఇందులో చేర్పించిన రోజు ఇప్పటికీ గుర్తుంది. పేరు రాయబోతే, ముందు ఏ సర్వరో చెప్పమంది పేజీ. నాకు కంగారొచ్చింది. అందరూ ఉన్న పెద్ద సైటు ఒకటుంది కదా, ఈ తంటా ఎందుకు అన్నాను.

"ఆ సైటు ఒక్కడి సేతిలో ఉంతాది. ఆడు తలుపేసీసేడంటే నువ్వేటి సేత్తావు? మా సంఘాలు సూడు. పలాసది పలాసదే, టెక్కలిది టెక్కలిదే. ఒకరి మీద ఒకరికి పెత్తనం నేదు. అయినా సభలకి అందరం ఒక్క సోట కూకుంతాం. ఇదీ అంతే. ఎవడి సర్వర్ ఆడిది, మాటలు మాత్రం అందరివీ."

అర్థమైనట్టు తలూపాను. ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు వేరే సర్వర్‌లో ఉన్న మా అప్పలరాజు కోసం వెతికితే దొరకలేదు. బావకి చెబితే పడీపడీ నవ్వాడు. "ఒట్టి అప్పలరాజంటే ఎలాగ్రా? మన జిల్లాలో ఎంతమంది లేరు! పేరు పక్కన సర్వర్ పేరు కూడా రాయాల. మనిసికి ఊరున్నట్టే, దీనికీ ఊరుంతాది."

తర్వాత మనమందరం కలిసి చేసిన తప్పు ఒకటుంది.

బావది ఉండగా పరాయి సర్వర్ ఎందుకని నందిగాం వాళ్లూ, సంతబొమ్మాళి వాళ్లూ, నేనూ, నలభై మందిమీ వచ్చి ఆయన డబ్బాలోనే పడ్డాం. వేరేది పెట్టుకుంటే బావ ఏమనుకుంటాడో అని మొహమాటం. పెళ్లికి వెళ్లి పక్కింట్లో భోంచేసినట్టుంటుందని మనలోనే ఒకాయన రాశాడు కూడా.

బావ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ప్రేమతో నా కొంప ముంచుతన్నార్రా. అందరూ నాకాడే ఉంటే, ఇది ఆ పెద్ద సైటుకి తమ్ముడే కదేటి?"

నాకైతే, స్టూడియోలో నా సర్వర్ నేను పెట్టుకోమని, దానికి కావలసినవన్నీ ఒక సీడీలో రాసి చేతిలో పెట్టాడు. దాంతోపాటు నోటుబుక్కు కాగితం మీద, ఏది తర్వాత ఏది నొక్కాలో తన చేత్తో రాసిచ్చాడు. నాది ఆగితే నీది ఉంతాది, నీది ఆగితే నాది ఉంతాది అన్నాడు.

ఆ సీడీ ఆర్నెల్లుగా నా డ్రాయర్‌లో నెగెటివ్ కవర్ల కింద ఉంది. పెళ్లిళ్ల సీజన్ అన్నాను, ఆల్బమ్ పని అన్నాను. బద్ధకం, అంతే.

నిన్న చావు కబురు తెలియగానే బావ తమ్ముడు వెళ్లి షాపు షట్టర్ దించి, మెయిన్ స్విచ్ ఆపేశాడు. మన వైపు ఎవరైనా అదే చేస్తారు. ఆయన్ని ఏమీ అనకండి.

డబ్బా ఆగింది. మనమందరం ఒక్కసారే మూగవాళ్లమైపోయాం.

మీ పేర్లు తెలుసు, ఊళ్లు తెలుసు, మీ పిల్లల చదువులు తెలుసు. మీలో ముగ్గురివి తప్ప ఫోన్ నంబర్లు లేవు నా దగ్గర. రోజూ ఇక్కడే మాట్లాడుకుంటుంటే నంబరెందుకు అనుకున్నాను.

సాయంత్రం సమాధుల తోటలో, పాట పాడుతుంటే చుట్టూ చూశాను. మన నలభై మందిలో వచ్చింది నలుగురం. సంతబొమ్మాళి మాస్టారూ, మీ పెన్షన్ కాగితాలన్నీ కూర్చుని టైపు చేసిపెట్టింది బావే. తెలిస్తే మీరు రాకుండా ఉంటారా? పిడికెడు మట్టి వేయకుండా ఉంటారా?

నేను ఆ ఒక్క సీడీ పెట్టి, మీలో పదిమందిని అటు రమ్మని ఉంటే కబురు అందేది. తప్పు నాది. ఓదార్చడానికి ఎవరూ కాదనొద్దు. మన్నించగలిగితే మన్నించండి.

ఈ పొద్దున అక్కే తాళాలు తెచ్చి షట్టర్ తీయించింది. మెయిన్ వేశాను. డబ్బా కాసేపు మూలిగి లేచింది.

"ఆయన రాసినవి ఇందులో ఉన్నాయా తమ్ముడూ? నానెప్పుడూ సూడనేదు. ఈ డబ్బాతోటే కాపురం సెయ్యమని తిట్టీదాన్ని."

చదివి వినిపించాను. జీడిపప్పు ధర మీద వేసిన జోకులు, తన బట్టతల మీద తానే వేసుకున్నవి. అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగు అడ్డం పెట్టుకుంది.

అన్నిటికంటే పైన మొన్న సాయంత్రంది ఉంది. అది నాకే రాశాడు.

"ఒరే టెక్కలీ, సీడీ పెట్టినావా నేదా?"

మొన్ననే చూశాను దాన్ని. తర్వాత చెప్దాంలే అని వదిలేశాను.

అక్క నా మొహం చూసింది. "సమాధానం రాయి మరి" అంది.

అక్క పక్కనే నిలబడింది, కదల్లేదు. రాశాను.

"పెడతన్నాను బావా. ఈరోజే."

వెళ్లిరా బావా. ఇక ఎవరూ నిన్ను లేపి సర్వర్ ఆగిందని తిట్టరు. హాయిగా నిద్రపో.