నాలుగో పెట్టె దగ్గర ఆగిన వంతు

పోయినవి ముందు రాస్తాను. బొచ్చె, శీలావతి చేపలు కలిపి మూడు వేల ఎనిమిది వందల అరవై కిలోలు. నేనే కాటా వేశాను. ఒక చెరువు మీద కౌలు. ఒక మనిషి నన్ను తమ్ముడూ అని పిలవడం.

విజయవాడలో చేపల కాటా దగ్గర తూకం రాసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగింది. ప్రోగ్రాములు రాయడం పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను. చల్లపల్లి అవతల ఒక కాలవ గట్టున ఎనిమిది చెరువులుండేవి. తెల్లవారుజామున నీళ్లలో గాలి తగ్గితే చేప చచ్చి తేలిపోతుంది, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్ తిప్పాలి. ఎనిమిదీ ఒకేసారి తిప్పితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. అందుకని ఒకదాని తర్వాత ఒకటి తిరిగేలా, పక్కదానితో మాట్లాడే రేడియో పెట్టె చెరువుకొకటి బిగించాను.

మామూలు నెట్‌వర్క్‌లో ప్యాకెట్ అంటే మూసిన కవరు. దారిలోని పెట్టెలు చిరునామా చూసి ముందుకు తోస్తాయి. నా ప్యాకెట్ కవరు కాదు, పని తెలిసిన కూలీ. తన ప్రోగ్రాం తానే మోసుకెళ్లి, చేరిన పెట్టెలో నడిచి, ఇరవై నిమిషాలు ఏరేటర్ తిప్పి, ఆపేసి పక్క పెట్టెకు వెళ్లేది. కాలవ నీళ్ల వంతు లాగే. అది ఎక్కడుంటే అక్కడే ఏరేటర్ తిరుగుతుంది.

వంతుకి మా వైపు ఒక మర్యాద ఉంది. పక్కవాడు గట్టు మీదికి రాకపోతే కేకేసి ఆగుతాం. అతన్ని దాటి నీళ్లు వదిలితే దొంగతనమే. ప్రోగ్రాంలోనూ అదే రాశాను: పక్క పెట్టె రమ్మనేదాకా పది నిమిషాలకొకసారి పిలువు, దాటిపోకు.

ఎనిమిదో చెరువు ఒక చేపలవాళ్ల ఆవిడ కౌలుకి చేసేది. భర్త పోయాక ఒక్కతే చూసుకునేది. రోజూ వేకువన లేచి నీళ్లు చూసేది. పెట్టె బిగించిన రోజు, ఇక నిద్రపో అక్కా అన్నాను.

ఐదో చెరువులో చేపల పట్టుబడి అయి, చెరువు ఎండగడుతూ పెట్టెని వైరు పీకి పాకలో పెట్టారు. పట్టుబడయ్యాక ఎవరైనా పీకుతారు. ఆ సంగతి నాకు తెలుసు, లెక్కలో వేసుకోలేదు. ఆ తెల్లవారుజామున నాలుగో పెట్టెలో పని ముగించుకుని ప్యాకెట్ ఐదోదాన్ని పిలుస్తూ నిలబడిపోయింది. మొదటి నాలుగు చెరువులకీ అప్పటికే గాలి అందింది. ఆరు, ఏడు వాళ్లకి నా పెట్టె మీద నమ్మకం లేక మేలుకునే ఉన్నారు. ఆయిల్ ఇంజన్లు వేసుకున్నారు. నన్ను నమ్మి నిద్రపోయింది ఆవిడొక్కతే.

నేను వెళ్లేసరికి గట్టు పొడవునా తెల్లటి పొట్టలు. ఆవిడ ఏడవలేదు. చివరివాళ్లని వదిలెయ్యమని రాశారా అని అడిగింది. లేదు, ఆగమని రాశానన్నాను.

"ఆగమని మా చేపలకి కూడా చెప్పాల్సిందండీ."

అప్పటి నుంచీ అండీయే.

ఇప్పుడా చెరువులు చాలావరకు పూడ్చి మళ్లీ వరి వేస్తున్నారు. నాలుగో పెట్టె మాత్రం స్తంభం మీద సోలార్ పలకతో బతికే ఉంది, ఆ ప్యాకెట్ అందులోనే ఆగి ఇంకా ఐదోదాన్ని పిలుస్తోంది. రోజూ ఉదయం తన పిలుపుల లెక్క నా ఫోన్‌కి పంపుతుంది. స్తంభం ట్రాక్టర్‌కి అడ్డమొస్తోంది, తీసెయ్యమని ఆ పొలం ఆయన రెండుసార్లు చెప్పాడు. పోయిన నెల స్పానర్ పట్టుకుని వెళ్లాను. స్తంభం కింద నిలబడితే లోపల టిక్‌మని చిన్న చప్పుడు, ఎర్రదీపం ఒక్క క్షణం వెలిగి ఆరడం. మళ్లీ పది నిమిషాలు ఏమీ లేదు. మూడుసార్లు విన్నాను. నాలుగోసారికి చెయ్యెత్తాను.

ఎనిమిదో చెరువు ఆవిడ, కూలికి నాట్లకొచ్చిన ఆడవాళ్లతో గట్టు మీద ఉంది. బురద కాళ్లతో దగ్గరికొచ్చి, అది ఇంకా పిలుస్తోందా అని అడిగింది. పిలుస్తోందన్నాను.

"తీసెయ్యకండి. నా వంతు ఇంకా రాలేదు."

స్పానర్ సంచిలో వేసుకుని వచ్చేశాను.

రోజుకి నూట నలభై నాలుగు పిలుపులు. నాలుగేళ్లు దాటింది. మబ్బు రోజుల్లో బ్యాటరీ పడిపోయినవి తీసేస్తే, ఈ ఉదయం ఏడింటికి జవాబు రావలసినవి రెండు లక్షల మూడు వేల తొమ్మిది వందల పద్దెనిమిది.